బొబ్బిలి డేరాలో హత్య: చారిత్రక మిస్టరీ నవలలు రాసేవాళ్ళు ఎక్కణ్ణించి వస్తారు?

ఈ వేళ ఒక హత్యతో మొదలుపెడదాం. మన వైపు చిన్నపిల్లల్ని అడిగినా చెప్పే హత్యే.

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. ఒక పక్క ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, వాటితో పాటు విజయనగరం రాజు పెద విజయరామరాజు బలగం. ఇంకో పక్క రంగారావు, ఆయన్ని నమ్ముకున్న వెలమదొరలు. కోట నిలబడదని తేలాక లోపలున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపేశారు, శత్రువుల చేతికి చిక్కకూడదని. ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక రాత్రి విజయరామరాజు తన డేరాలో ఉండగా తాండ్ర పాపారాయుడు లోపలికి దూరి ఆయన్ని పొడిచి చంపాడు.

చంపిందెవరో తెలుసు, ఎందుకో తెలుసు, ఎలాగో కూడా తెలుసు. మరి ఇందులో మిస్టరీ ఏముందండీ అంటారు. ఉంది. ఈ కథ మనకి ముఖ్యంగా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి జంగాల పాట, అందులోంచి నాటకాలు, 1964లో ఎన్టీఆర్ 'బొబ్బిలి యుద్ధం' సినిమా. రెండోది రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషువాడు రాసిన చరిత్ర. ఈ ఆర్మ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. బొబ్బిలి తగలబడుతున్నప్పుడు ఆయన ఉన్నది మద్రాసులో. అంటే ఆయనా చూసినవాడు కాదు, విన్నవాడు.

ఆర్మ్ చెప్పిన కథలో రెండు సంగతులు నన్ను ఎప్పుడూ ఆపేస్తాయి. మొదటిది నీళ్ళ తగువు. బొబ్బిలి వాళ్ళు వాగుల నీళ్ళు తమ వైపు మళ్ళించుకుంటున్నారని విజయరామరాజుకి కోపం. రెండోది యుద్ధానికి ముందు జరిగిన దాడి. రంగారావు తన సీమ వదులుకుంటే వేరేచోట భూములిస్తామని బుస్సీ బేరం పెట్టాడు. బేరం ఇంకా తెగలేదు. ఈలోపు బొబ్బిలి అడవి దారిన పోతున్న సిపాయిల దండు మీద దాడి జరిగింది, మనుషులు చచ్చిపోయారు. దాంతో బుస్సీ కోట మీదకి కదిలాడు.

ఆ దాడి ఎవరి మాట మీద జరిగింది? ఎవరికి లాభం? కోటలో వాళ్ళకి నిజంగా తెలుసా? రాజాంలో ఉన్న పాపారాయుడికి కబురు వేళకి ఎందుకు అందలేదు? ఇవాళ బొబ్బిలిలో బస్సెక్కితే రాజాం గంట ప్రయాణం. ఇవన్నీ డిటెక్టివ్ అడిగే ప్రశ్నలు. సంఘటన మాత్రం చరిత్ర. ఇలాంటి చోట పుట్టే నవలనే చారిత్రక మిస్టరీ అంటారు. ఇంగ్లీషులో ఇప్పుడు అదొక పెద్ద శాఖ. తెలుగులో దాదాపు ఖాళీ. ఎందుకు ఖాళీ అన్నది ఈ ఎపిసోడ్ ప్రశ్న. దానికి జవాబు పుస్తకాల కంటే, రాసినవాళ్ళ బతుకుల్లో దొరుకుతుందని నా నమ్మకం.

ముందు బయటివాళ్ళని చూద్దాం. చారిత్రక మిస్టరీ రాసేవాడంటే చరిత్ర ప్రొఫెసరే అయ్యుంటాడని మనం అనుకుంటాం. 1980లో 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' రాసిన ఉంబర్టో ఎకో ప్రొఫెసరే, కాదనను. మిగతావాళ్ళ సంగతి చూడండి.

ఎల్లిస్ పీటర్స్ అనే పేరుతో రాసినావిడ అసలు పేరు ఎడిత్ పార్జెటర్. 1913లో ఇంగ్లండులో, ష్రాప్‌షైర్ అనే జిల్లాలో పుట్టింది. యూనివర్సిటీ మొహం చూడలేదు. కుర్రతనంలో ఒక మందుల షాపులో పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో చేరి టెలిప్రింటర్ దగ్గర కూర్చుంది. 1977లో, అరవై దాటాక, బ్రదర్ కాడ్‌ఫేల్ అనే పాత్రతో నవలలు మొదలుపెట్టింది. 12వ శతాబ్దపు క్రైస్తవ మఠంలో మూలికలు నూరే సన్యాసి ఆ కాడ్‌ఫేల్. ఏ మొక్క మందు, ఏ మొక్క విషం అన్నది ఆయనకి కొట్టిన పిండి. మందుల షాపు జ్ఞానం ఎక్కడికి చేరిందో చూశారా? ఇంకో సంగతి, ఆ మఠం ఉన్నది ష్రూస్‌బరీలో, అంటే ఆమె సొంత జిల్లాలోనే. కథ కోసం ఆవిడ లండన్ పోలేదు.

రాబర్ట్ వాన్ గూలిక్ డచ్చి దేశపు దౌత్య ఉద్యోగి. చైనా, జపాన్‌లలో పనిచేశాడు. 7వ శతాబ్దంలో చైనాలో నిజంగా ఉన్న ఒక న్యాయాధికారి మీద చైనావాళ్ళే రాసుకున్న పాత కథల పుస్తకం ఆయనకి దొరికింది. 1949లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ తర్వాత అదే జడ్జి డీ పాత్రతో సొంత నవలలు రాశాడు, బొమ్మలూ తనే వేసుకున్నాడు. పగలు ఎంబసీ ఫైళ్ళు, రాత్రి పాత చైనా కేసులు.

జోసెఫిన్ టే ఇంకా విచిత్రమైన మనిషి. అసలు పేరు ఎలిజబెత్ మాకింటాష్, స్కాట్లండ్‌లో ఇన్వర్‌నెస్ ఊరు. స్కూల్లో వ్యాయామం టీచరు. తల్లి చనిపోయాక ఉద్యోగం మానేసి తండ్రిని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయింది. 1951లో 'ది డాటర్ ఆఫ్ టైమ్' అనే నవల రాసింది. అందులో ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. ఊసుపోక మూడో రిచర్డ్ రాజు బొమ్మ చూస్తాడు. అన్నగారి పిల్లలిద్దర్నీ చంపించాడని పేరుపడ్డ రాజు. ఈ మొహం హంతకుడి మొహమేనా అని అనుమానం వస్తుంది. మంచం మీంచి కదలకుండా, పుస్తకాలు తెప్పించుకుని, నాలుగు వందల ఏళ్ళ నాటి కేసు తిరగతోడతాడు. ఇన్‌స్పెక్టర్ మంచం దిగడు, రచయిత్రి ఊరు కదలదు. ఇంటికి కట్టుబడిపోయిన మనిషికే ఆ కథ తట్టిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

అయితే ఆ నవలలో ఒక లోపం ఉంది. రిచర్డ్‌ని విడిపించడానికి ఆమె నేరాన్ని తీసుకెళ్ళి ఏడో హెన్రీ మెడలో వేసింది. చరిత్రకారులు చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. ఒక చచ్చినవాడికి న్యాయం చెయ్యబోయి ఇంకో చచ్చినవాడిని బోనెక్కించడం అన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక మన పక్కింటికి రండి, బెంగాలీకి. శరదిందు బందోపాధ్యాయ్ 1899లో పుట్టాడు, లా చదివాడు, బొంబాయిలో సినిమా కథలు రాశాడు. డిటెక్టివ్ బ్యోమకేశ్ బక్షీని 1932లో పుట్టించింది ఆయనే. ఆయనే 'తుంగభద్రార్ తీరే' అని చారిత్రక నవల రాశాడు. అది విజయనగర సామ్రాజ్యం కథ. మన విజయనగరం కాదండోయ్, హంపీ విజయనగరం. అంటే ఒకే మనిషి చేతిలో డిటెక్టివ్ కథా ఉంది, చారిత్రక నవలా ఉంది. కానీ ఆయన పేరు తెచ్చుకున్నది రెండిటినీ వేరువేరు అరల్లో పెట్టి. బ్యోమకేశ్ తన కాలం కలకత్తాలోనే తిరుగుతాడు, తుంగభద్ర ఒడ్డుకి రాడు.

ఇప్పుడు మన జిల్లాలకి వద్దాం. మందుల షాపు అమ్మాయి, దౌత్య గుమాస్తా, డ్రిల్లు టీచరు, లా చదివినవాడు. వీళ్ళందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటంటే, రోజూ చిన్న చిన్న ఆధారాలతో పని. చీటీ చదవడం, మాట నమ్మాలో వద్దో తూచడం. అలాంటివాళ్ళు మనకి లేరా? బోల్డుమంది ఉన్నారు.

గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా అందరికీ తెలుసు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పర్లాకిమిడిలో రాజావారి స్కూల్లో పిల్లలకి చరిత్ర చెప్పే చిన్న మాస్టారుగా చేరారు. అప్పటికి ఒక చిక్కుముడి ఉండేది. తూర్పు గాంగ రాజుల శాసనాల్లో కళింగనగరం అనే రాజధాని పేరు వస్తుంది. అది ఎక్కడ? పేరు దగ్గరగా ఉంది కదా అని కళింగపట్నం అన్నవాళ్ళున్నారు. సముద్రపు ఒడ్డు, రేవు, బాగానే అతికింది.

గిడుగువారు ఏం చేశారు? పాత లిపి తనంతట తానే నేర్చుకున్నారు. తను పుట్టిన ఊరికి దగ్గర్లోనే ఉన్న ముఖలింగం గుళ్ళకి వెళ్ళి, రాళ్ళ మీద అక్షరాలు కూడబలుక్కుని చదివారు. 1895 ప్రాంతంలో గాంగుల మీద ఇంగ్లీషులో వ్యాసాలు అచ్చువేసి, కళింగనగరం అంటే వంశధార ఒడ్డునున్న ఈ ముఖలింగమే అని వాదించారు. పేరు పోలిక చూసి పట్టుకుంటే తప్పు మనిషి దొరుకుతాడు. అక్కడికి పోయి ఆనవాళ్ళు చూడాలి. ఏ డిటెక్టివ్ నవలైనా చెప్పేది ఇదే కదా. ఆయన నవల రాయలేదు, అంతే తేడా.

ఆయన చదువుకున్న విజయనగరం హైస్కూల్లోనే చదివిన ఇంకో కుర్రాడు గురజాడ అప్పారావు. ఈయన బతుకు చూస్తే నాకు ఒక్కోసారి బెంగగా ఉంటుంది. చారిత్రక మిస్టరీ రాయడానికి కావలసిన సరుకంతా ఒక్క మనిషి దగ్గరే పోగుపడింది. 1891లో విజయనగరం సంస్థానంలో శాసన పరిశోధకుడు. అంటే రాళ్ళూ రాగిరేకులూ చదివే ఉద్యోగం. 1897లో ఆనంద గజపతి మహారాజు పిల్లల్లేకుండా పోయారు. దత్తత తగువు కోర్టుకెక్కింది. ఆయన సోదరి రీవా రాణి అప్పలకొండమాంబ దగ్గర గురజాడ కార్యదర్శి. వంశవృక్షాలు, పాత ఉత్తరాలు, సాక్షులు, వకీళ్ళు. ఏళ్ళ తరబడి అదే పని.

'కన్యాశుల్కం' ఇంకోసారి ఈ దృష్టితో చూడండి. కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి పెళ్ళి చేస్తాడు. కుర్రాడు వేషం విప్పి చెక్కేస్తాడు. పెళ్ళికూతురు ఏమైంది? ముసలాయన చంపేశాడని పుకారు, పోలీసులు, ఖూనీ కేసు. చచ్చిన మనిషే లేని హత్య కేసు! మనం గిరీశం మాటలకి నవ్వుకుంటూ దాటిపోతాం గానీ, నాటకం రెండో సగాన్ని నడిపేది ఆ కేసే. పుకారు సాక్ష్యంగా ఎలా మారుతుందో, దొంగ సాక్షులు ఎలా తయారవుతారో గురజాడకి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? ఆయన కాగితాల్లో 'సౌదామిని' అని రాయాలనుకున్న నవల తొలిరూపం కూడా ఉంది. నవల మాత్రం రాలేదు. 1915లో, 53 ఏళ్ళకే పోయారు.

ఆ తరవాతి తరంలో విజయనగరం తెలుగు పండితుడు భోగరాజు నారాయణమూర్తి 'విమలాదేవి', 'అస్తమయము' లాంటి చారిత్రక నవలలు రాశారు. విజ్ఞాన చంద్రికా మండలి నవలల పోటీలు పెడుతున్న కాలం అది. మన పూర్వులు గొప్పవాళ్ళని చెప్పడం ఆ నవలల పని. తెల్లవాడి పాలనలో అదొక అవసరం, తప్పు పట్టను.

అదే కాలంలో ఇంకో పక్క దేవరాజు వేంకటకృష్ణారావు 'వాడే వీడు' లాంటి డిటెక్టివ్ నవలలు వచ్చాయి. తర్వాత కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని ఇంటింటికీ తెచ్చారు. వీటిని జనం దుప్పటి ముసుగులో చదివేవారు. చారిత్రక నవలని పాఠ్యపుస్తకంగా పెట్టారు, డిటెక్టివ్ నవలని పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకుని చదివారు. నా లెక్కలో అడ్డుగోడ ఇక్కడే లేచింది. ఒకదానికి వీరుడు కావాలి, రెండోదానికి దోషి కావాలి. రెండూ కలిపితే మన పూర్వుల్లోనే ఎవడో దోషి అని చెప్పాల్సి వస్తుంది. అది చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు.

గోడకి రెండు వైపులా తిరిగిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆరుద్ర. అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి, 1925లో యలమంచిలిలో పుట్టారు. 1942లో కాలేజీ చదువుకని విజయనగరం వచ్చారు. అక్కడ చాసో, రోణంకి అప్పలస్వామి పరిచయమయ్యారు. చదువు ఏడాదితో సరి, 1943లో వైమానిక దళంలో బ్యాండ్‌బాయ్‌గా చేరిపోయారు. తర్వాత మద్రాసు, 'ఆనందవాణి' పత్రిక, సినిమా పాటలు. అందరికీ తెలిసిన ఆరుద్ర ఈయనే.

ఈయన 'పలకల వెండి గ్లాసు' లాంటి డిటెక్టివ్ నవలలు కూడా రాశారు. అదే చేత్తో 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలు తెచ్చారు. ఏ కవి ఎప్పటివాడు, ఏ పద్యం ఎవరిది, ఏ కథ కట్టుకథ అని తేల్చే పని. డిగ్రీ లేదు, యూనివర్సిటీ కుర్చీ లేదు. 'రాముడికి సీత ఏమౌతుంది?' అని ఇంకో పుస్తకం రాశారు. పేరే ప్రశ్న. రకరకాల రామాయణాలు ముందుపెట్టుకుని, సీత పుట్టుక గురించి ఎవరేం చెప్పారో వరసగా విచారిస్తారు. దశరథ జాతకంలో సీత రాముడికి చెల్లెలు. చాలామంది చేత్తో ముట్టుకోవడానికే భయపడే సంగతి. ఆయన సాక్షుల్ని పిలిచినట్టు ఒక్కొక్క గ్రంథాన్నీ పిలిచి మాట్లాడించారు. డిటెక్టివ్ నవలల్లో చేసిన సాధన వృథా పోలేదు.

అయితే ఆయన కూడా శరదిందులాగే రెండు అరలూ వేరుగానే ఉంచారు. చరిత్రలో నడిచే డిటెక్టివ్ నవల అనగానే మనకి గుర్తొచ్చే పేరు ఆరుద్రది కాదు.

సరే, ఇప్పుడు బొబ్బిలి డేరా దగ్గరికి తిరిగి వద్దాం. రేపు ఎవరో ఒకరు ఈ నవల రాస్తారు. రాయాలి కూడా. కానీ రాసేటప్పుడు ఏం జరగొచ్చు?

తేలికైన దారి ఒకటి ఉంది. మన పాటల్లో, సినిమాల్లో నేరమంతా బుస్సీ దివాను హైదర్ జంగ్ మీద పడుతుంది. లంచం తిన్నాడు, మాట మార్చి చెప్పాడు అని. ఆయన నిజంగా ఉన్న మనిషే. 1758లో ఆయన్నీ చంపేశారు. పరాయివాడు, మన వైపు చుట్టపక్కాలు లేరు, అడిగేవాళ్ళు లేరు. అందుకే ఆయన మీద పెట్టడం సులువు. ఆయన నిర్దోషి అని నేననడం లేదు. సాక్ష్యం తూచకుండా, అడిగే దిక్కు లేనివాడిని చూసి నేరం మోపితే దాన్ని విచారణ అనలేం అంటున్నాను. దానికి ఎదురు తప్పు కూడా ఉంది. హైదర్ జంగ్‌ని విడిపించి, నేరం మొత్తం విజయరామరాజు మీద పెట్టేయడం. టే చేసిన పొరపాటు ఇదే. ఒక ఊరి వీరుడు ఇంకో ఊరి విలన్ అయి కూర్చున్న చోట ఇది మరీ ప్రమాదం. బొబ్బిలికీ విజయనగరానికీ మధ్య ఇవాళ పెళ్ళిళ్ళున్నాయి, వ్యాపారాలున్నాయి. పుకారుతో రాసిన నవల వాటి మధ్య పాత పగ తెచ్చి పెట్టగలదు. చచ్చిపోయినవాళ్ళు మాత్రం కోర్టుకొచ్చి నా తరఫు వినండి అనలేరు.

మరి ఎలా రాయాలి? ఆ బతుకులు చూశాం కదా, అవే చెబుతున్నాయి. కాడ్‌ఫేల్ రాజు కాదు, మూలికలు నూరుకునే మనిషి. మన నవలకి కూడా డిటెక్టివ్ కోటలో ఉండక్కర్లేదు. ఏ వాగు నీళ్ళు ఏ చెరువుకి పోతాయో తెలిసిన ఒక కరణం చాలు. గాయాలకి కట్టుకట్టే వైద్యుడు చాలు. రాజాంకి కబురు మోసుకుపోయిన మనిషి అయితే ఇంకా మంచిది. ఆ దాడిలో చచ్చిపోయిన సిపాయిల పేర్లు ఎవరూ పాడలేదు, కోటలో చచ్చిపోయిన ఆడవాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. వీరుడూ విలనూ అనే గొడవ పక్కనపెట్టి వాళ్ళ వైపు నుంచి అడిగితే ప్రశ్నలు మారిపోతాయి.

కావలసిన సరుకు కూడా మన దగ్గరే ఉంది. శ్రీకాకుళంలో కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు, 1997లో కథానిలయం పెట్టారు. ఆయనా బడిపంతులే. పాత పత్రికల్లో ఎవరేం రాశారో అక్కడికి పోయి తిరగేయొచ్చు. ముఖలింగంలో శాసనాలున్నాయి. సాలిహుండం, దంతపురి, రామతీర్థం, ప్రతి దిబ్బకీ ఒక చిక్కుముడి ఉంది. 1794లో పద్మనాభం యుద్ధం ఉంది, ఇంకో విజయరామరాజు అక్కడే పోయారు.

ఈ ఎపిసోడ్ వింటున్నవాళ్ళలో కోర్టులో గుమాస్తాలుంటారు, రిజిస్ట్రార్ ఆఫీసులో పాత దస్తావేజులు తిరగేసేవాళ్ళుంటారు, మెడికల్ షాపు నడిపేవాళ్ళు, స్కూలు మాస్టార్లు ఉంటారు. చరిత్ర ప్రొఫెసర్‌ని కాదు కదా, నాకెందుకులే అనుకోకండి. ఇప్పటిదాకా చెప్పినవాళ్ళలో ఎక్కువమంది మీలాంటివాళ్ళే. మీ ఊరి పాత తగువు ఒకటి తీసుకోండి. ముందు మీకు ఎవరి మీద కోపమో వాళ్ళ వైపు సాక్ష్యం వెతకండి. అది దొరికాక రాయడం మొదలుపెట్టండి.

వచ్చే ఎపిసోడ్‌లో దంతపురి గురించి మాట్లాడుకుందాం. బుద్ధుడి దంతం అక్కడ ఉండేదంటారు, ఆ మాటకి ఆధారాలేమిటో చూద్దాం. అందాకా సెలవు. నమస్కారం.